రాణిగారి జడ, పెద్దక్క ఉడతలు

రాణిగారు విషం తాగి, సింహాసనం మెట్ల మీద ఒరిగిపోయి, ఆఖరి మాటలు చెబుతున్నారు. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. సరిగ్గా అప్పుడు మూడో వరసలోంచి పెద్దక్క లేచి నిలబడింది. రాణిగారి భుజం మీంచి మెట్ల మీదికి జారిన జడకేసి వేలు చూపించి, "అది నా జుట్టు!" అని అరిచింది.

రాణిగారు చావడం ఆపి ఒక కన్ను తెరిచారు.

"కూర్చోండమ్మా, ఆవిడ పోతోంది!" అన్నారెవరో వెనకనుంచి.

"పోతే పోనీ. జడ ఇచ్చి పొమ్మనండి. నా మరిది పెళ్ళాం నా జుట్టు కాజేసి వీళ్ళకి అమ్ముకుంది. అదిగో, తెర పక్కన నిలబడింది చూడండి, ఏమీ ఎరగనట్టు!"

"అది మీ జుట్టయితే మీ నెత్తి మీదున్నది ఎవరిదండీ?" అని ఇంకో గొంతు లేచింది. హాలంతా గొల్లుమంది.

పెద్దక్క ఒక్క క్షణం తడబడింది. చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళి వచ్చింది. అంతలోనే తేరుకుని, "ఇదీ నాదే! బరువు మొయ్యలేక సగం కత్తిరించి, దాచిపెట్టమని దాని చేతికిచ్చాను. దాచినట్టు దాచి డ్రామావాళ్ళ పాలు చేసింది" అంది.

తెర పక్కన నిలబడ్డ మనిషి పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ జుట్టత్తే. నాటకాల కంపెనీకి విగ్గులు కుడుతుంది. జబ్బు చేసి జుట్టు ఊడిపోయినవాళ్ళకి, పుట్టుకతోనే పలచనైనవాళ్ళకి, పెళ్ళికూతురికి తెలియకుండా నెత్తి కప్పుకోవాలనుకునే పెళ్ళికొడుకులకి కూడా కుడుతుంది. ఆవిడ సొంత జుట్టు మాత్రం ముడేస్తే నిమ్మకాయంత. పెద్దక్క ఆవిడకి తోడికోడలు, భర్త అన్నగారి భార్య. రెండిళ్ళకీ మధ్య ఒక గోడ, గోడలో ఒక తలుపు.

హాల్లో ఉన్న కళ్ళన్నీ జుట్టత్త మీద పడ్డాయి. ఆవిడ దగ్గర రెండు మాటలున్నాయి. రెంట్లో ఏది అన్నా ఆ పూటతో గొడవ తీరిపోయేది. ఒకటి, రాణిగారి జడ జుట్టే కాదు, నైలాను. రెండోది, పెద్దక్క నెత్తి మీదున్నది విగ్గు, తను కుట్టిందే.

రెండూ అనలేదు. నోట్లో పిన్నులున్నాయి. తీసి మాట్లాడొచ్చు. తియ్యలేదు.

పని నేర్పినాయన కంపెనీలో ముసలి మేకప్ తాత. మొదటిసారి కొక్కెం సూది చేతికిస్తూ, "ఎవరి నెత్తిన ఏముందో నువ్వు బయట చెప్పిన రోజు ఈ సూది నాకు తెచ్చిచ్చేసి, ఇంకో పని చూసుకో అమ్మాయ్" అన్నాడు. తాత పోయాడు. సూది ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. రాణి వేషం వేసే ఆవిడ తన జడ అసలైన జుట్టేనని నమ్మి, దానికి రోజూ నూనె రాసుకుంటోంది కూడా. ఆవిడ పరువు ఒకవైపు, పెద్దక్క పరువు ఇంకోవైపు. రెంటినీ కాపాడి తన పరువు ఆ మెట్ల మీద రాణిగారి పక్కన పడుకోబెట్టింది జుట్టత్త.

అక్కడున్న పెద్దమనుషుల తెలివి చూడండి. అరిచినావిడ నిజం చెప్పినట్టు, నోరు మూసుకున్నావిడ దొంగ అయినట్టు అప్పటికప్పుడు తేల్చేశారు. నాటకం చూడ్డానికి టిక్కెట్టు కొన్నవాళ్ళకి తీర్పు ఉచితంగా దొరికింది.

*

అసలు జరిగింది ఇది. పెద్దక్కకి ఒకప్పుడు మోకాళ్ళు దాటే జుట్టుండేది. నలుపు కాదు, వేయించిన కాఫీ గింజ రంగు. ఎండ పడితే రాగిలా మెరిసేది. ఆవిడ తల దువ్వుకుంటుంటే గోడ ఇవతల జుట్టత్త పని ఆపి చూసేది. ఆ రంగు మీద మోజుతోనే రాణిగారి నైలాను జడకి కూడా, రంగులు కలిపీ కలిపీ, అదే కాఫీ గింజ రంగు పట్టించింది. ఆ మోజే తర్వాత మెడకి చుట్టుకుంటుందని ఆవిడకేం తెలుసు?

విషజ్వరం వచ్చి పెద్దక్క జుట్టు దిండు నిండా రాలడం మొదలెట్టింది. ఉన్నది పోకముందే కత్తిరించెయ్యమన్నాడు డాక్టరు. జడని నీలం ఊలుదారంతో కట్టి, తన చేత్తోనే తెచ్చి జుట్టత్త ఒళ్ళో పెట్టింది. "ఒక్క పోచ తగ్గినా నాకు తెలుస్తుందే. ఈ సంగతి నీకూ నాకూ మీ బావగారికీ తప్ప నాలుగో మనిషికి తెలిసిందో, నీ ఇంటి ముందు కూర్చుని ఏడుస్తాను" అంది.

జుట్టత్త ఆ జుట్టుని కడిగి, చిన్న చిన్న కట్టలు చేసి, ఆ నీలం ఊలుతోనే ముడులు వేసి, పెరట్లో తీగ మీద ఆరేసింది. ఆరేసి రిహార్సలుకి పోయింది. సాయంత్రం వచ్చి తీస్తే ఎందుకో కట్టలు తగ్గినట్టనిపించింది. ఆరేసేటప్పుడు లెక్క చూసుకోలేదు. దువ్వెనలో పోయిందా? తనే ఎక్కడైనా పెట్టి మర్చిపోయిందా? ఇల్లంతా వెతికింది. ఉన్న జుట్టుతో తల నిండాలంటే పొడుగు సరిపోదు గనక పోచల్ని రెండుగా కోసి, భుజాల దాకా వచ్చే విగ్గు కుట్టి ఇచ్చింది. పెద్దక్క అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మిగతాదేదే?" అంది. జుట్టత్త దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడమే తర్వాత నాటకం హాల్లో లేచి నిలబడింది.

హాల్లో గొడవయ్యాక గోడలో తలుపుకి మేకు పడింది. పెద్దక్క హుకుం ప్రకారం బావగారే కొట్టాడు. ఆయన స్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా వేరేవాళ్ళని లేవమని కూర్చోమని అరిచి, ఇంట్లో ఆ బాకీ తీరుస్తున్నాడు. మేకు కొడుతూ తలుపు సందులోంచి గుసగుసగా, "అమ్మాయీ, ఒక్క మేకే కొట్టాను. అదీ సగమే దిగింది. ఏమీ అనుకోకు" అన్నాడు.

కానీ ఊళ్ళో మేకులు పూర్తిగా దిగాయి. విగ్గుల పని నమ్మకం మీద నడుస్తుంది. మనిషి తన జుట్టు తెచ్చి ఇంకొకరి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోవాలి. ఇప్పుడు వచ్చేవాళ్ళు వెళ్ళడం మానేశారు. "మీరు కుట్టండి, మేం ఊరికే చూస్తూ కూర్చుంటాం" అని కళ్ళార్పకుండా కాపలా కాసేవాళ్ళు. ఒక్కొక్క వెంట్రుకా ముడేస్తూ తల నింపడానికి వారాలు పడుతుంది. అన్ని వారాలు కూర్చునే ఓపిక లేక కొందరు, కూర్చుంటే పెట్టాల్సిన కాఫీలకి జడిసి జుట్టత్తే వద్దంటే మరికొందరు, మొత్తానికి అందరూ మానేశారు. కంపెనీ మేనేజరు కూడా, "ఇంకా ఇలాగే ఉంటే మిషను మీద చేసినవి తెప్పించుకుంటామమ్మా. నిన్నేమీ అనడం లేదు" అన్నాడు. ఏమీ అననివాళ్ళే ముందు మానేస్తారు.

*

మాట్లాడ్డానికి గోడవతల మనిషి లేకపోయేసరికి పెద్దక్క ఉడతల్ని చేరదీసింది. గోడ మీద పళ్ళెం పెట్టి పాలలో నానేసిన రొట్టె, వేరుశెనగలు వేసేది. "రండమ్మా, రండి బంగారాలూ. మీకైనా విశ్వాసం ఉంది. కొందరికి తిన్నది అరిగేదాకా కూడా ఉండదు" అని, ఇవతలికి వినబడేంత గట్టిగా ముద్దు చేసేది.

బంగారాలు అవతల భోంచేసి ఇవతలికి వచ్చి మిగతా పనులన్నీ చేసుకునేవి. జామకాయని చెట్టునే ఉంచి లోపల గుజ్జంతా తినేసి డొల్ల వేలాడదీసేవి. టమాటా నారు పీకేవి. పెద్దక్క వేసిన వేరుశెనగలు తెచ్చి జుట్టత్త గులాబీ కుండీల్లో పాతిపెట్టి మర్చిపోయేవి. గులాబీలు ఎండిపోయి వేరుశెనగ మొక్కలు ఏపుగా లేచేవి. ఒకరోజు స్నానం సబ్బు ఎత్తుకుపోయాయి.

"సబ్బెందుకే వాటికి?" అన్నాడు జుట్టత్త భర్త.

"మీ వదినగారింటికి భోజనానికి వెళ్ళాలిగా. శుభ్రంగా వెళ్ళాలి."

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లోకంలో ప్రతి సమస్యకీ గ్రీజు పూస్తే చాలని ఆయన నమ్మకం. ఒక ఆదివారం లిఫ్టు తాళ్ళకి రాసే నల్ల గ్రీజు డబ్బా తెచ్చి జామచెట్టు మొదలంతా మెత్తాడు. ఉడతలు చెట్టు మొదలుకేసి చూడను కూడా చూడలేదు. గోడ మీంచి బట్టల తీగ ఎక్కి, తీగ మీంచి నడుచుకుంటూ కొమ్మ మీదికి పోయాయి. మర్నాడు కాయ కోద్దామని ఈయన చెట్టెక్కాడు.

"ఎక్కడా ఆగకుండా కిందికి దిగాను. ఈ సర్వీసులో అంత నున్నటి దిగుడు ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు, తన నడుముకి జుట్టత్త కాపడం పెడుతుంటే.

తర్వాతి ఎత్తు జుట్టత్తది. విగ్గులు తొడిగి ఉంచే చెక్క తలలు ఆవిడ దగ్గర బోలెడు. మూడు తలల్ని కర్రలకి గుచ్చి పెరట్లో పాతింది. ఒకదానికి రాక్షసుడి జుట్టు, గడ్డం. ఒకదానికి మంత్రగత్తె జుట్టు. మూడోదానికి చిరిగిపోయిన సేనాపతి జుట్టు. గాలి వీస్తే మూడూ తలలూపేవి.

గోడ మీంచి తొంగి చూసిన పెద్దక్క కెవ్వుమంది. "ఏవండీ! ఇది మన మీదికి రాక్షసుల్ని పంపుతోంది, చూడండి!"

బావగారు వచ్చి కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూశాడు. "మధ్యలో మంత్రగత్తె ముక్కు ఎక్కడో చూసినట్టుందే" అని, పెద్దక్క చెయ్యి తన ముక్కు మీదికి పోవడం చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఉడతలు కూడా మొదట జడిశాయి. తర్వాత అలవాటు పడ్డాయి. తర్వాత సేనాపతి నెత్తి మీద కూర్చుని జామకాయ తిన్నాయి.

ఒక పొద్దున జుట్టత్త మెట్టు మీద కూర్చుని వల టోపీకి ముడులు వేస్తోంది. ఒక ఉడత రాక్షసుడి గడ్డం పట్టుకుని వేలాడుతోంది. అదిలిద్దామని చెయ్యెత్తి, ఆగిపోయింది. ఆ ఉడత పోచల్ని పళ్ళతో మొదలంటా పట్టి లాగింది. రెండు చేతులతో చుట్ట చుట్టింది. ఇంకాస్త లాగింది, మళ్ళీ చుట్టింది. పోచలు చిక్కు పడకుండా ఒకే వైపుకి చుట్టింది. ఆ చుట్టడం అచ్చం తను చుట్టినట్టే ఉంది. అంత జుట్టూ నోట కరుచుకుని, ఇటు ఒక మీసం అటు ఒక మీసం వేలాడుతుండగా, దర్జాగా బట్టల తీగ మీంచి నడిచి గోడ దాటిపోయింది.

'భలే పనిమంతురాలు' అనుకుంది జుట్టత్త. పనిమీద ఉన్న గౌరవం అలాంటిది, దొంగ అని ముందు తోచలేదు. తోచాక తీగకేసి చూసింది. అదే తీగ. పెద్దక్క జుట్టు ఆరేసిన తీగ. సూది చేతిలో గుచ్చుకుంది.

సాయంత్రం భర్తతో చెబితే ఆయన నడుం పట్టుకుని నవ్వాడు. "ఉడత మీద కేసు పెడదామా? సాక్షి ఎవరు, రాక్షసుడా?"

"నవ్వులాట కాదు. మీరు వెళ్ళి మీ వదినతో చెప్పండి."

"ఏమని? వదినా, నీ జుట్టు నీ బంగారాలే ఎత్తుకుపోయాయి అనా? నన్ను లిఫ్టు లేకుండా పైకి పంపిస్తుంది. నీ దగ్గర రుజువేదైనా ఉందా?"

రుజువు లేదు. ఆ రాత్రి ఆవిడ తృప్తిగా తిన్నది మాత్రం నిజం. తను పోగొట్టలేదని తనకైనా తెలిసింది. ఇన్నాళ్ళూ లోపల ఒక మూల తననే తను అనుమానించుకుంటూ ఉంది.

*

పెద్దక్కకి ఒక వాషింగ్ మెషిన్ ఉంది. బట్టలు చిరుగుతాయని అది వెనక వరండాలో గుడ్డ కప్పుకుని ఎప్పుడూ విశ్రాంతిలోనే ఉంటుంది. దుప్పట్లు ఉతకాలని ఒకరోజు స్విచ్చి వేస్తే కదల్లేదు. మెకానిక్కుని పిలిచారు. కుర్రాడు వెనక రేకు విప్పి, లోపలికి టార్చి వేసి, "తల! అమ్మో, తలకాయ!" అని పెడబొబ్బ పెట్టి వెనక్కి పడ్డాడు. లేచి పరిగెత్తబోతే వైరు కాలికి చుట్టుకుని మళ్ళీ పడ్డాడు.

వాషింగ్ మెషిన్లో ఆడమనిషి తల దొరికిందని వీధి చివరికి చేరేసరికి, అది ఎవరి తలో కూడా రెండు మూడు పేర్లు తయారయ్యాయి. ఇస్త్రీ బండి ఆవిడ వచ్చింది. ఎదురింటి టీచరమ్మ వచ్చింది. ఆవిడకి ఏదైనా దగ్గరగా చూడందే నిద్ర పట్టదు. బావగారు లోపలికి తొంగి చూసి, ఎవరి హుకుమూ అడక్కుండా వెళ్ళి తలుపు మేకు పీకేశాడు. వేళ్ళతోనే వచ్చేసింది. "అమ్మాయీ, ఒకసారి రా. జుట్టు సంగతి నీకే తెలుస్తుంది."

ఇన్నాళ్ళ తర్వాత జుట్టత్త ఆ గడప దాటింది. మెషిన్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టింది. గుమ్మడికాయంత గూడు. పైన రాక్షసుడి గడ్డం, కొబ్బరి పీచు, దూది, నమిలిన వైరు ముక్కలు. అవి పక్కకి జరిపితే లోపలంతా కాఫీ గింజ రంగు. మెత్తగా, చుట్లు చుట్లుగా, ఒక్క పోచ వృథా పోకుండా. మధ్యలో కళ్ళు తెరవని గులాబీ రంగు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒక చుట్ట పక్కన నీలం ఊలుదారం. తను వేసిన ముడే. ఇంకా ఊడలేదు.

గూట్లో పడుకుని ఉంది ఆవిడ పరువు. చేత్తో పైకెత్తి చూపిస్తే చాలు.

అంతలో మెకానిక్కు కుర్రాడు ధైర్యం తెచ్చుకుని దగ్గరికొచ్చాడు. గూటికేసి చూశాడు. పెద్దక్క నెత్తికేసి చూశాడు. "అమ్మగారూ, ఇది అచ్చం మీ జుట్టు రంగే!" అన్నాడు.

పెద్దక్క చెయ్యి మెడ వెనక్కి పోయింది.

"అవునండోయ్!" అంది టీచరమ్మ. "మీరు కత్తిరించి దాచమన్న సగం ఇదేనేమో!"

"కాదు!" అంది పెద్దక్క, అవసరానికి మించిన తొందరతో. "నాది ఇంతకంటే మెత్తన."

"ఏదీ, పక్కపక్కన పెట్టి చూద్దాం. కొంచెం వంగండి" అని టీచరమ్మ పెద్దక్క జుట్టు మీద చెయ్యి వెయ్యబోయింది.

ఆ విగ్గు కుట్టింది జుట్టత్త. అందులో ప్రతి క్లిప్పు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలదు. ఎడం పక్క క్లిప్పు ఎప్పుడూ వదులే. బాగుచేద్దామనుకుంటుండగానే తలుపుకి మేకు పడింది. టీచరమ్మ పట్టుకున్నదంటే విగ్గు మొత్తం చేతిలోకి వస్తుంది. ఇస్త్రీ బండి ఆవిడ సాయంత్రానికి ఊరంతా ఇస్త్రీ చేసి పెడుతుంది. నాటకం హాల్లో తనకి జరిగిందానికి ఇది సరిగ్గా సరిపోతుంది. తను వేలు కూడా కదపక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఆవిడకి బాగా అలవాటైన పనే.

పెద్దక్క కళ్ళు ఆవిడకేసి తిరిగాయి. ఆ కళ్ళలో గర్వం లేదు, పొగరు లేదు, జుట్టు లేని మనిషి భయం మాత్రం ఉంది.

జుట్టత్త లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇది నా డ్రామా సామానండీ. రాక్షసుడి గడ్డం. మా పెరట్లోంచి లాక్కొచ్చాయి."

"మరి రంగు?"

"టార్చి వెలుగులో అన్నీ ఒకటే రంగు. పిల్లలున్నాయి, తల్లి చూస్తోంది, మొహం మీదికి దూకుతుంది. జరగండి, జరగండి."

దూకుతుందనగానే టీచరమ్మ అందరికంటే ముందు గేటు దగ్గరుంది. వెళ్ళిపోతూ ఇస్త్రీ బండి ఆవిడ, "చూశారా, దొంగసొమ్ము ఎక్కడెక్కడ దాస్తోందో" అంది. జనం ఇంతే. ఒకసారి దొంగ అనుకున్నాక, గూట్లో ఉడతల్ని చూసినా అవి ఈవిడ పెట్టిన పనివాళ్ళలాగే కనబడతాయి.

జుట్టత్త గూటిని ఎక్కడిదక్కడ సర్ది రేకు మూసింది. నీలం ఊలుదారం మాత్రం తీసి, వెళుతూ వెళుతూ పెద్దక్క అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. పెద్దక్కకి నోరు పెగల్లేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారని బావగారు తర్వాత తమ్ముడితో రహస్యంగా చెప్పాడు.

పిల్లలు కళ్ళు తెరిచి, బలిసి, వాటంతట అవి బయటికొచ్చేదాకా ఆ మెషిన్ని ఎవరూ ముట్టుకోలేదు. దుప్పట్లు పెద్దక్కే చేత్తో ఉతికింది. అంటే ఉతికింది బావగారు, చెయ్యి చూపించింది పెద్దక్క.

*

కంపెనీవాళ్ళు ఆ నాటకం మళ్ళీ వేశారు. జుట్టత్తకి అదే ఆఖరి ప్రదర్శన కావచ్చని మేనేజరు ముందే అన్నాడు. మిషను విగ్గుల కేటలాగు ఆయన బల్ల మీద ఉంది.

రాణిగారు విషం తాగారు. మెట్ల మీద ఒరిగారు. ఆఖరి మాటలు మొదలెట్టారు. మూడో వరసలో ఒక కుర్చీ కిర్రుమంది.

రాణిగారు ఒక కన్ను తెరిచి, అదే రాజసం ఒలికే గొంతుతో, "మళ్ళీ వచ్చావా తల్లీ!" అన్నారు.

"కంగారు పడకమ్మా, నువ్వు చచ్చిపోతూ ఉండు. నాదొక్క మాట" అంది పెద్దక్క. పక్క కుర్చీలో బావగారు కోటు కాలరులోకి కుంగిపోయాడు. "అయ్యా, ఆ జడ నాది కాదు! పోయినసారి ఇక్కడే నిలబడి నాదన్నాను. నా జుట్టు నా ఉడతలు ఎత్తుకుపోయాయి. నా వాషింగ్ మెషిన్లో ఉంది. కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, టీచరమ్మ తప్ప. మా చెల్లి ఒక్క పోచ ముట్టుకోలేదు. ఇదిగో దాని ముడి!" అని నీలం ఊలుదారం పైకెత్తి చూపించింది.

హాలు గొల్లుమనబోయి ఆగింది. వెనకనుంచి, పోయినసారి గొంతే కావచ్చు, "మరి మీ నెత్తి మీదున్నది ఎవరిదమ్మా?" అంది.

జుట్టత్త తెర పక్కనుంచి వద్దు వద్దని తలూపింది. రెండు చేతులూ ఊపింది. నోట్లో పిన్నులున్నాయి.

పెద్దక్క ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "విగ్గు!" అంది. "మా చెల్లే కుట్టింది. ఇన్నాళ్ళు మీ కళ్ళముందే తిరిగాను. మీలో ఒక్క మొహమైనా కనిపెట్టిందా?" అని కుడికి తిరిగి చూపించింది, ఎడమకి తిరిగి చూపించింది, వెనకవాళ్ళ కోసం పూర్తిగా ఒక చుట్టు తిరిగింది.

ముందు బావగారు చప్పట్లు కొట్టాడు, డ్రిల్లులో కొట్టినట్టు లెక్కగా. తర్వాత హాలంతా కొట్టింది. చప్పట్లు ఇంకొకరికి పోతున్నాయని గమనించిన రాణిగారు లేచి, విషం మళ్ళీ తాగి, మొదటినుంచి చచ్చిపోయారు.

మర్నాడు పొద్దున జుట్టత్త వాకిట్లో ఒకావిడ కాగితం పొట్లం పట్టుకుని నిలబడి ఉంది. "మా అమ్మాయి జుట్టండీ. ఇదిగో" అని ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ వెనక్కి చూడకపోవడం చూసి జుట్టత్తకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మేనేజరు కేటలాగు ఎక్కడో పోయిందన్నాడు. ఉడతలు ఎత్తుకుపోయి ఉంటాయని ఆవిడ భర్త అన్నాడు.

తలుపుకి మళ్ళీ మేకు పడలేదు. అలాగని కలిసిపోయి ఒక్కటైపోయారని కాదు. ఉడతలకి తిండి ఎక్కువ పెడుతున్నారని ఈవిడ, నా బంగారాల మీదికి మీ ఆయన గ్రీజు డబ్బా చూపిస్తున్నాడని ఆవిడ, రోజూ పొద్దున్నే తిట్టుకునేవారు. జుట్టు మాత్రం జుట్టత్త ఇంట్లోనే, కిటికీ మూసి ఆరేసేది.

కొన్నాళ్ళకి, బావగారి మోకాళ్ళకి మెట్లు పడవని, లిఫ్టున్న చోట ఇల్లు తీసుకుని వాళ్ళు ఊరి అవతలికి మారిపోయారు. లిఫ్టు సంగతి తమ్ముడు స్వయంగా చూసి ఒప్పుకున్నాకే. సామాను లారీ ఎక్కించారు. వాషింగ్ మెషిన్ ఎక్కించేముందు పెద్దక్క వెనక రేకు విప్పించి చూసింది. ఎవరూ లేరు. గూడు మాత్రం అలాగే ఉంది. తియ్యనివ్వలేదు.

లారీ హారను కొడుతోంది. జుట్టత్త పని మధ్యలో లేచి వచ్చింది, నోట్లో పిన్నులతోనే. పెద్దక్క ఆవిడ రెండు చేతులూ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెవిలో అడిగింది.

"వెళ్ళిపోతున్నానుగా, ఇప్పుడైనా నిజం చెప్పవే. ఎవరితోనూ అనను, నీ మీదొట్టు. ఆ రాణి జడ దేనితో చేశావు?"

బావగారు కూడా ఒక అడుగు ముందుకేశాడు. లారీ డ్రైవరు ఇంజను ఆపాడు.

జుట్టత్త నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసింది. పెద్దక్క తలకేసి చూసింది.

"అక్కా, ఎడం పక్క క్లిప్పు ఇంకా వదులుగానే ఉంది" అంది. "తల వంచండి."